చామనఛాయ ముఖాన్ని నలుపు తెలుపులో తీయడం ఎలా: కిటికీ వెలుగు నుంచి ప్రింటు దాకా

పట్టుచీర కట్టుకున్న అమ్మమ్మను రంగుల్లో ఫోటో తీసి, ఆ తర్వాత ఎడిటింగ్‌లో రంగు మొత్తం తీసేసి చూస్తే, చాలాసార్లు ఎర్రచీరా ఆకుపచ్చ అంచూ ఒకే బూడిదరంగులో కలిసిపోయి కనిపిస్తాయి. ముఖంలో కూడా నుదురు, చెంప, గడ్డం అన్నీ ఒకే మట్టంలో ఉన్నట్లు చప్పగా తోస్తాయి. నలుపు తెలుపులో ఏ రంగు ఎంత నల్లబడాలో, ఏది ఎంత తెల్లబడాలో ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదు. మీరు నిర్ణయించకపోతే సాఫ్ట్‌వేర్ తన లెక్క ప్రకారం ఆ పని చేసేస్తుంది. ఈ నిర్ణయంలో సగం వెలుగును అమర్చేటప్పుడు, మిగతా సగం ఎడిటింగ్‌లో జరుగుతుంది కాబట్టి రెండింటినీ వరుసగా, ఒకదానితో ఒకటి ముడిపెట్టి ఇక్కడ వివరిస్తున్నాను. హైదరాబాదులో ఒక మామూలు ఫ్లాటు, అందులో ఒక కిటికీ, ఒక థర్మోకోల్ షీటు, ఒక నల్లగుడ్డ, చేతిలో ఏదో ఒక కెమెరా ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన ముఖాల్లో ఎక్కువ భాగం చామనఛాయవి. వాటిని నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు తెల్లబరచాలనే అలవాటు మన స్టూడియోల్లో చాలా కాలంగా ఉంది. అలా తెల్లబరిచిన ప్రతిసారీ ఆ ముఖంలోని లోతు పోతుంది, మనిషి పోలిక కూడా కొంత పోతుంది. ముదురు చర్మానికి అందం వచ్చేది దాని మీద మెరిసే వెలుగు ఆకారం వల్ల. ఆ మెరుపును ఎక్కడ పడనివ్వాలో తెలుసుకుంటే చర్మాన్ని ఒక్క మెట్టు కూడా తెల్లబరచవలసిన అవసరం ఉండదు.

వెలుగును ఎంచుకోవడం

మొదట మీ ఇంటి కిటికీలు ఏయే దిక్కులకు ఉన్నాయో చూసుకోండి. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాకాశంలో దాదాపు 49 డిగ్రీల ఎత్తు దాకానే వస్తాడు. దక్షిణపు కిటికీలోంచి ఎండ నేరుగా గదిలోకి పడుతుంది, ఉత్తరపు కిటికీ మాత్రం రోజంతా మెత్తని వెలుగు ఇస్తుంది. మే రెండో వారానికి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి చేరి, అక్కడి నుంచి ఆగస్టు తొలి రోజుల దాకా కొద్దిగా ఉత్తరం వైపే ఉంటాడు కాబట్టి ఆ రోజుల్లో పొద్దుటా సాయంత్రమూ ఉత్తరపు కిటికీకి కూడా ఏటవాలు ఎండ తగులుతుంది. ఫోటోగ్రఫీ పుస్తకాలు ఎప్పుడూ సిఫారసు చేసే ఉత్తరపు కిటికీ మనకంటే చాలా ఉత్తరాన ఉన్న దేశాలకు దాదాపు ఏడాది పొడవునా సరిపోతుంది. మన ఊళ్ళో వేసవికి అది అలాగే వర్తించదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా మబ్బు పట్టి ఉండే రోజుల్లో మాత్రం ఏ దిక్కు కిటికీ అయినా బాగుంటుంది. నా అభిప్రాయంలో మన దగ్గర ముఖచిత్రాలకు వానకాలాన్ని మించిన కాలం లేదు.

ఏ కిటికీ పనికివస్తుందో కళ్ళతో పరీక్షించడానికి సులువైన పద్ధతి ఒకటి ఉంది. మీ పిడికిలి బిగించి, ముఖం ఎత్తులో పట్టుకొని, కిటికీ ముందు నిలబడి మెల్లగా ఒక చుట్టు తిరగండి. వేళ్ళ కణుపుల మీద వెలుగు ఎక్కడ మెరుస్తోందో, కణుపుల మధ్య నీడ అంచు పదునుగా ఉందా, కరిగిపోతున్నట్టుగా ఉందా గమనించండి. మీ పిడికిలి మీద ఏది కనిపిస్తే, ఆ చోట కూర్చున్న మనిషి ముక్కు, చెంప ఎముకల మీద కూడా అదే కనిపిస్తుంది.

కిటికీలోంచి ఎండ నేరుగా పడుతుంటే గ్రిల్లు నీడలు ముఖం మీద చారలుగా పడతాయి. అప్పుడు ఉతికిన పల్చటి తెల్ల నూలు పంచెను గ్రిల్లుకు క్లిప్పులతో కట్టండి. పంచె మీద పడ్డ ఎండ చెదిరి, పంచె మొత్తం ఒక పెద్ద దీపంగా మారుతుంది. రంగు అంచు ఉన్న పంచె అయితే అంచును పక్కకు మడవండి. బాల్కనీ తలుపులు, నేల దాకా ఉండే పెద్ద కిటికీలు ఉన్న ఫ్లాట్లలో ఇంకో చిక్కు ఉంటుంది: వెలుగు కింది నుంచి కూడా వచ్చి గడ్డం కింద, ముక్కు కింద పడి ముఖాన్ని అసహజంగా చూపిస్తుంది. కూర్చున్న మనిషి భుజాల ఎత్తు దాకా ఆ తలుపు కింది భాగాన్ని దుప్పటితో కప్పేస్తే వెలుగు పై నుంచి వాలుగా దిగుతుంది. ఈ ఒక్క పని చేసి ముందూ వెనకా రెండు ఫోటోలు తీసి పోల్చి చూడండి. తేడా మాటల్లో చెప్పనక్కరలేదు.

గదిలోని ట్యూబులైటు, టీవీ ఆపేయండి. నలుపు తెలుపే కదా, రంగు వెలుగులు కలిస్తే ఏం పోయిందని అనుకోకండి. ఒక చెంప మీద పసుపు బల్బు వెలుగు, ఇంకో చెంప మీద నీలపు కిటికీ వెలుగు ఉంటే, ఎడిటింగ్‌లో నారింజ రంగు ఎంత బూడిదగా మారాలో చెప్పే స్లైడర్‌ను (జరిపే మీటను) కదిపినప్పుడు ఒక చెంప ఒకలాగా, మరో చెంప ఇంకోలాగా మారి ముఖం అతుకు వేసినట్లు తయారవుతుంది.

రాత్రి తీయవలసి వస్తే ఒక ఎల్‌ఈడీ ప్యానెల్‌ను అదే పంచె వెనక పెట్టి వాడవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్‌ను 1/50 లేదా 1/100 వద్ద ఉంచితే ఫోటోలో అడ్డచారలు రావు. ఆరుబయట తీసేవారికి ఖాజాగూడ, దుర్గం చెరువు వైపు మిగిలిన గ్రానైటు బండలు మంచి నేపథ్యం. ఆ రాయి నీడలో దాదాపు మధ్యస్థమైన బూడిదరంగులో వస్తుంది కాబట్టి నల్లని జుట్టూ తెల్లని చొక్కా రెండూ దాని ముందు విడివిడిగా కనిపిస్తాయి.

మనిషిని కూర్చోబెట్టడం

చేతులు లేని స్టూలు ఒకటి తీసుకొని కిటికీకి సుమారు మూడు అడుగుల దూరంలో, కిటికీ మనిషికి పక్కగా వచ్చేటట్లు వేయండి. వెనక గోడ వీలైనంత దూరంగా ఉండాలి. చిన్న దీపం విషయంలో దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు, మూడు రెట్లయితే తొమ్మిదో వంతుకు పడిపోతుంది. అంటే దీపానికి మనిషి మూడు అడుగుల్లో, గోడ తొమ్మిది అడుగుల్లో ఉంటే గోడ ముఖం కంటే మూడు స్టాపులకు పైగా చీకటిగా వస్తుంది (ఒక స్టాపు తగ్గడమంటే వెలుగు సగమవడం, పెరగడమంటే రెట్టింపవడం). తెల్లగోడే ముదురు బూడిదరంగు తెరగా మారిపోతుంది. పెద్ద కిటికీకి ఈ లెక్క ఖచ్చితంగా సరిపోదు, దాని వెలుగు ఇంకొంచెం మెల్లగా తగ్గుతుంది, కానీ దగ్గర కూర్చోబెడితే నేపథ్యం చీకటి పడుతుందనే మాట దానికీ వర్తిస్తుంది. ప్రత్యేకంగా నల్ల నేపథ్యం కావాలంటే జనరల్ బజారులో మీటర్ల లెక్కన దొరికే నల్ల వెల్వెట్ కొనండి. పాలిస్టరు గుడ్డ మెరుస్తుంది కాబట్టి పనికిరాదు.

ఇప్పుడు మనిషి ముఖాన్ని మొదట కెమెరా వైపు తిప్పించి, అక్కడి నుంచి మెల్లగా కిటికీ వైపు తిప్పమనండి. కిటికీకి దూరంగా ఉన్న చెంప మొదట పూర్తిగా నీడలో ఉంటుంది. ముఖం తిరుగుతున్నకొద్దీ ఆ కంటి కింద చిన్న వెలుగు త్రికోణం ఏర్పడుతుంది. ముక్కు నీడ కిందికి దిగి చెంప నీడతో కలిసిన చోట ఆపండి. దీన్ని రెంబ్రాంట్ లైటింగ్ అంటారు. గంభీరమైన ముఖాలకు, ముడతలు తేలిన ముఖాలకు ఇది బాగా నప్పుతుంది. ఇంకొంచెం తిప్పితే ముక్కు నీడ చిన్న వంపుగా మిగిలి, చెంప తెరుచుకుంటుంది. పిల్లలకు, నవ్వు ముఖాలకు ఆ స్థితి మేలు.

ఇక్కడే చామనఛాయ ముఖానికి సంబంధించిన అసలు కిటుకు ఉంది. కెమెరాకు దగ్గరగా ఉన్న చెంప నీడలో, దూరంగా ఉన్న చెంప వెలుగులో ఉండేటట్లు మీరు కెమెరాతో సహా నీడ వైపుకు జరగండి. దీన్ని షార్ట్ లైటింగ్ అంటారు. ఈ కోణంలో కిటికీ వెలుగు చర్మం మీద ఏటవాలుగా తగిలి నేరుగా లెన్సు వైపు ప్రతిఫలిస్తుంది. చెంప ఎముక మీద, ముక్కు గట్టు మీద, పై పెదవి అంచు మీద సన్నని మెరుపు గీత లేస్తుంది. ముదురు చర్మం పడిన వెలుగులో ఎక్కువ భాగాన్ని లోపలికి పీల్చుకుంటుంది, కానీ పై పొర మీది మెరుపు మాత్రం అన్ని ఛాయల చర్మాలకూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటుంది. అందుకే నల్లని ముఖం మీద ఆ మెరుపు మరింత స్పష్టంగా, శిల్పం చెక్కినట్లు కనిపిస్తుంది. వెలుగు ఎంత పెద్దదైతే మెరుపు అంత వెడల్పుగా, మెత్తగా పరుచుకుంటుంది. చిన్న ఫ్లాష్ అయితే అదే మెరుపు జిడ్డు చుక్కలా మిగిలిపోతుంది.

ఫోటో అనగానే ముఖానికి పౌడరు రాసుకోవడం మన పెద్దవాళ్ళ అలవాటు. పౌడరు ఈ మెరుపును పూర్తిగా చంపేసి, నలుపు తెలుపులో బూడిద పూసినట్లు చేస్తుంది. "పెద్దమ్మా, ఇవాళ పౌడరు వద్దు, కాస్త కొబ్బరినూనె చేత్తో అద్దుకోండి చాలు" అని ముందే చెప్పండి. చెమట చుక్కలు కనిపిస్తుంటే రుమాలుతో ఒత్తాలి, తుడవకూడదు.

తర్వాత నీడ వైపు పని. ఫ్లాట్లలో గోడలకు వేసే క్రీమురంగు వెలుగును అటూ ఇటూ విసిరి నీడను దానంతట అదే నింపేస్తుంది; ముఖం చప్పబడటానికి చాలా ఇళ్ళలో ఇదే కారణం. నీడ పడిన చెంప పక్కన, ఫ్రేములోకి రాకుండా, నల్లగుడ్డను కుర్చీ మీద ఆరవేసినట్లు నిలబెట్టండి. చెంప అంచు ఒక్కసారిగా లోతు తేలుతుంది. నీడ మరీ ఎక్కువైందనిపిస్తే గుడ్డ తీసి, అదే చోట థర్మోకోల్ షీటు పెట్టి, దగ్గరికి దూరానికి జరుపుతూ చూడండి. మన సినిమా సెట్లలో రిఫ్లెక్టరుగా వాడేది ఈ థర్మోకోలే. వెలుగు చెంపకూ నీడ చెంపకూ మధ్య ఒక స్టాపు తేడా ఉంటే ముఖం సౌమ్యంగా, రెండు స్టాపుల తేడా ఉంటే నాటకీయంగా ఉంటుంది. మూడు దాటితే ప్రింటులో ఆ చెంప దాదాపు కనిపించదు.

చివరగా కళ్ళు చూడండి. రెండు కంటిపాపల్లోనూ కిటికీ ప్రతిబింబం, గడియారంలో పది గంటల ముల్లో రెండు గంటల ముల్లో ఉండే చోట, చిన్న చుక్కగా కనిపించాలి. కనిపించకపోతే గడ్డం కొద్దిగా ఎత్తించండి. కళ్ళజోడు ఉంటే దాని కాడలను చెవుల మీద పావు అంగుళం పైకి లేపితే అద్దం కిందికి వాలి, మెరుపు తప్పుకుంటుంది. కెమెరా ముందు బిగుసుకుపోయేవాళ్ళను కాసేపు కళ్ళు మూసుకోమని, మీరు చెప్పినప్పుడు తెరవమనండి. తెరిచిన మొదటి క్షణంలో ముఖంలో ఏ భంగిమా ఉండదు.

కెమెరా అమరిక

కెమెరాను రా ఫైలు మీద ఉంచి, పిక్చర్ స్టైల్‌ను మోనోక్రోమ్‌కు మార్చండి. తెర మీద నలుపు తెలుపు కనిపిస్తుంది, ఫైలులో మాత్రం రంగుల సమాచారమంతా భద్రంగా ఉంటుంది. వెలుగునూ నీడనూ మాత్రమే చూస్తూ తీయడానికి ఇంతకంటే మంచి సాధన లేదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 85 మిల్లీమీటర్ల లెన్సు, చిన్న సెన్సరు కెమెరాకు 50 మిల్లీమీటర్లది సరిపోతాయి. లెన్సు ఏదైనా మనిషికి ఐదారు అడుగుల దూరంలో నిలబడండి, దగ్గరికి వెళితే ముక్కు పెద్దదవుతుంది. ఫోనుతో తీసేవారు మామూలు లెన్సుతో దగ్గరికి వెళ్ళకుండా, 2 రెట్ల జూమ్ పెట్టి వెనక్కి జరగాలి. అపర్చర్ ఎఫ్ 4 నుంచి 5.6, షట్టర్ 1/125, ఐఎస్‌ఓ 400 నుంచి 800 అనేవి మొదలుపెట్టడానికి మంచి అంకెలు. ఫోకస్ కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద ఉండాలి.

ఎక్స్‌పోజర్ విషయంలో ఒక్క జాగ్రత్త అవసరం. కెమెరా మీటరు చూసినదాన్నంతా మధ్యస్థ బూడిదరంగుగా మార్చాలని చూస్తుంది. ఫ్రేములో నల్ల వెల్వెట్, నల్లని జుట్టు, చామనఛాయ ముఖమే ఉంటే అది చీకటి అనుకొని వెలుగు పెంచేస్తుంది, చెంప మీది మెరుపు కాలిపోతుంది. మీటరు లెక్కను సవరించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు తగ్గించి, హిస్టోగ్రామ్ (ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా ఛాయలను చూపే పటం) కుడి అంచుకు ఏదీ అతుక్కోలేదని చూసుకోండి. తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకున్న తాతగారిని తీసేటప్పుడు ఇది తలకిందులవుతుంది: బట్టల తెలుపు మీటరును మోసగించి ముఖాన్ని చీకటి చేస్తుంది. అప్పుడు చిన్న చోటును మాత్రమే కొలిచే స్పాట్ మీటరుతో చెంపను కొలవడమే సరైన మార్గం.

రంగులను బూడిదగా మార్చడం

ఎడిటింగ్‌లో మొదటి పని వైట్ బ్యాలెన్స్‌ను, అంటే తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే రంగుల సవరణను, రంగుల్లోనే సరిచేయడం. నలుపు తెలుపులోకి వెళ్ళాక దీని అవసరం ఉండదని చాలామంది వదిలేస్తారు, కానీ చర్మం నారింజలో ఉందా, ఎరుపులోకి జరిగిందా అన్నదాన్ని బట్టే తర్వాతి స్లైడర్లు పనిచేస్తాయి.

రెండో పని మార్పిడి. సాచురేషన్‌ను (రంగు గాఢతను) సున్నాకు లాగే పద్ధతిని వదిలిపెట్టండి. లైట్‌రూమ్‌లో బ్లాక్ అండ్ వైట్ మిక్సర్, గింప్‌లో మోనో మిక్సర్, ఫోనులో స్నాప్‌సీడ్‌లోని నలుపు తెలుపు పరికరంలో ఉండే రంగు ఫిల్టర్లు ఇవన్నీ ఒకే పని చేస్తాయి: ఏ రంగు ఎంత బూడిదగా మారాలో మిమ్మల్ని అడుగుతాయి. అడగకుండా మార్చే సాధారణ లెక్కలో ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 వంతు బరువు ఉంటుంది. ఎర్రచీర రంగు విలువలు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో, 0 నుంచి 255 కొలమానంలో) 200, 30, 40 అనుకుందాం. ఆకుపచ్చ అంచు విలువలు 20, 120, 50 అనుకుందాం. పై బరువులతో గుణించి కూడితే రెండూ 82 దగ్గరికే వస్తాయి. కంటికి నిప్పూ ఆకూలాగా కనిపించిన రెండు రంగులు ఒకే బూడిదరంగులో కలిసిపోవడానికి కారణం ఇదే. మిక్సర్‌లో ఆకుపచ్చను కొద్దిగా పైకి, ఎరుపును కొద్దిగా కిందికి జరపండి. అంచు విడిపోయి, జరీ గీత కూడా తేలుతుంది.

ఎరుపును కదిపేటప్పుడు చూపు నుదుటి మీద ఉంచండి. ఎరుపును పైకి తోస్తే కుంకుమ బొట్టు చర్మంతో సమానమైన బూడిదలోకి వచ్చి మాయమవుతుంది. పాపిటలోని కుంకుమ, తాంబూలం వేసుకున్న పెదవులు కూడా అలాగే వెలిసిపోతాయి. ఎరుపును కిందికి దించితే బొట్టు నల్లగా, నిండుగా నిలబడుతుంది. పాతబస్తీలో గోరింటాకు పెట్టుకున్న గడ్డంతో ఉండే పెద్దమనిషి ఫోటో అయితే చూడవలసింది నారింజ స్లైడర్. దాన్ని పెంచితే గడ్డం నెరిసినట్లు తెల్లబడుతుంది, తగ్గిస్తే గడ్డంతో పాటు ముఖం కూడా నల్లబడుతుంది. అలాంటప్పుడు నారింజను కదపకుండా వదిలి, గడ్డాన్ని మాస్కుతో (ఎంచుకున్న చోటుకే మార్పు పరిమితం చేసే పరికరంతో) విడిగా సరిచేయడమే మంచిది.

చర్మం దాదాపు అంతా నారింజ స్లైడర్ కిందికే వస్తుంది. దాన్ని 10 నుంచి 15 దాకా పెంచవచ్చు, అది కూడా మెరుపుకూ నీడకూ మధ్య నడిమి ఛాయలు మురికిగా ఉన్నాయనిపిస్తేనే. అంతకు మించి తోస్తే మీరు ముఖాన్ని తెల్లబరుస్తున్నారని అర్థం. పక్కపక్కనే ఉన్న రెండు రంగులను బాగా దూరంగా జరిపితే, ఉదాహరణకు ఎరుపును మైనస్ 40కి దించి నారింజను ప్లస్ 40కి ఎత్తితే, ముక్కు చివర, చెవుల దగ్గర, చెంపల మీద మచ్చలు మచ్చలుగా పగుళ్ళు కనిపిస్తాయి. ప్రతి మార్పు తర్వాత ఫోటోను వంద శాతానికి పెంచి ఆ మూడు చోట్లా చూడండి.

ఏ రంగు వెలుగు చర్మంలో ఏం చూపిస్తుందో తెలిస్తే ఈ పని తడుములాట లేకుండా సాగుతుంది. ఎరుపు వెలుగు చర్మంలోకి కొంత లోతుగా పోయి బయటికి వస్తుంది, అందుకే ఎరుపు భాగంలో చర్మం నునుపుగా, మచ్చలు లేకుండా కనిపిస్తుంది. నీలం పై పొర దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ప్రతి ముడతనూ, మచ్చనూ, రంధ్రాన్నీ చూపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో వాడిన గాజు పలకలు ప్రధానంగా నీలి వెలుగుకే స్పందించేవి, ఎరుపును దాదాపు చూసేవి కావు. ఆనాటి ముఖచిత్రాల్లో చర్మం ముదురుగా, గీతలు పదునుగా ఉండటానికి అది ఒక ముఖ్య కారణం. ఎరుపును కూడా చూడగల పాన్‌క్రోమాటిక్ ఫిల్ము 20వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చాకే చర్మం నునుపు తేలింది. కాబట్టి ఎండలో పనిచేసిన రైతు ముఖంలో ప్రతి గీతా మాట్లాడాలనుకుంటే ఎరుపు, నారింజ తగ్గించి పాత పలకల వైపు వెళ్ళండి. పెళ్ళికూతురు ముఖానికి కొత్త ఫిల్ము వైపు వెళ్ళండి.

ఛాయలు, మెరుగులు

మూడో పని నలుపు, తెలుపు హద్దులు పెట్టడం. లైట్‌రూమ్‌లో ఆల్ట్ మీట నొక్కి పట్టుకొని బ్లాక్స్ స్లైడర్‌ను దించితే, పూర్తిగా నల్లబడిన చోట్లు తెర మీద కనిపిస్తాయి. జడ లోపలి భాగంలో, చెవి వెనక కొద్దిగా కనిపించగానే ఆపండి. జుట్టు మొత్తం ముద్దయితే దాటిపోయినట్లే. తెల్లని బట్టలను 0 నుంచి 255 కొలమానంలో 240 దగ్గర ఆపితే నేత కనిపిస్తుంది.

ముఖం ఎక్కడ నిలవాలన్నదానికి ఒక ఆధారం కావాలి. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో రూపొందించిన, ఛాయలను నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుగా విడగొట్టే జోన్ సిస్టమ్‌లో ఐదో జోన్ 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిదరంగు. మన తెరల మీద అది సుమారు 118. ఆరో జోన్ దానికి ఒక స్టాపు పైన, దాదాపు 162. తెల్లజాతివారి చర్మాన్ని ఆరో జోన్‌లో పెట్టమని అమెరికా పుస్తకాలు చెబుతాయి. మన చామనఛాయ ముఖంలో వెలుగు పడిన చెంపను 115 నుంచి 150 మధ్య ఉంచి, మెరుపు గీతను మాత్రం 200 దాటనివ్వండి. ముఖమంతా 160 దాటిందంటే మెరుపుకు పైకి లేచే చోటు మిగలదు. ఛాయలను మార్చే కర్వ్ గీతలో మెత్తని ఎస్ ఆకారపు వంపు ఒకటి చాలు. నడిమి ఛాయల తేడాను పెంచే క్లారిటీ స్లైడర్‌ను ముఖమంతటా పెంచకండి, చర్మానికి మసి పట్టినట్లవుతుంది. కావాలంటే చీర, నగలు, జుట్టు వరకు మాస్కు వేసి పెంచండి.

నాలుగో పని డాడ్జింగ్, బర్నింగ్, అంటే చేత్తో చోటుచోటుకూ వెలుగు పెంచడం, తగ్గించడం. ఫోటోషాప్‌లోనో గింప్‌లోనో 50 శాతం బూడిదరంగు నింపిన కొత్త పొరను సాఫ్ట్ లైట్ అనే బ్లెండింగ్ పద్ధతిలో పెట్టి, బ్రష్ బలాన్ని 3 నుంచి 5 శాతానికి తగ్గించి, తెలుపుతో పెంచుతూ నలుపుతో తగ్గిస్తూ వెళ్ళాలి. ఇక్కడ తొందర పనికిరాదు. ముందుగా మీరు అమర్చిన వెలుగు దిక్కును గుర్తు తెచ్చుకోండి: కిటికీ ఎడమ నుంచి ఉంటే, మీ బ్రష్ కూడా ఆ దిక్కు నుంచే వెలుగు తేవాలి. నుదుటి మీద, భుజాల మీద అనవసరంగా తెల్లగా ఉన్న చోట్లను తగ్గించండి. దూరపు చెంప ఎముక మీది మెరుపును ఒకటి రెండు పూతలు పెంచండి. కంటి తెల్లగుడ్డును పెంచకండి, కంటి నల్లగుడ్డులో కింది సగానికి మాత్రం కొద్దిగా వెలుగు పెంచండి. అది సహజంగా వెలుగు బయటికి వచ్చే చోటు. ముక్కుపుడక రాయి మీద ఒక చుక్క, నల్లపూసల మీద ఏమీ వద్దు. చేతులు ఫ్రేములో ఉంటే వాటిని ముఖం కంటే అర స్టాపు తగ్గించండి. ఫోటోను తెర మీద బొటనవేలు గోరంతకు కుదించి చూసినప్పుడు కూడా చూపు నేరుగా కళ్ళ మీదికే వెళితే పని అయినట్లు.

నల్ల నేపథ్యంలో మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తే గ్రెయిన్‌ను (ఫిల్ములో ఉండే సన్నని రవ్వలాంటి చుక్కలను) 15 నుంచి 25 దాకా కలపండి, అవి కలిసిపోతాయి. సెపియా రంగు పూయడం నాకు నచ్చదు. కొత్త ఫోటోకు లేని వయసు తెచ్చిపెట్టడం తప్ప అది ముఖానికి చేసే మేలు లేదు. నీడల్లో మాత్రం చిన్నపాటి వెచ్చదనం కలిపితే ప్రింటు చల్లగా, నీలంగా పోకుండా ఉంటుంది.

ప్రింటు

తెర వెలుగు ఎక్కువగా పెట్టుకొని ఎడిట్ చేస్తే ప్రింటు చీకటిగా వస్తుంది. మానిటరును 100 నుంచి 120 నిట్ల (నిట్ అంటే తెర వెలుగు కొలత) మధ్యకు తగ్గించుకొని, మీ గదిలో మామూలు లైటు వేసుకొని పనిచేయండి. మన ల్యాబుల్లో ఎక్కువగా దొరికే 12×18 అంగుళాల ప్రింటుకు 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్ళు) లెక్కన 3600×5400 పిక్సెళ్ళు కావాలి. ఫైలును ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల ప్రమాణంలో, జేపెగ్‌గా ఇవ్వండి. నిగనిగలాడే కాగితం మీద నీడలు బాగా నల్లగా వస్తాయి, కానీ గోడకు తగిలించాక గది లైట్లన్నీ అందులో కనిపిస్తాయి. ముఖచిత్రానికి కొద్దిపాటి మెరుపే ఉండే లస్టర్ కాగితం నడిమార్గం.

రంగుల ల్యాబులో నలుపు తెలుపు ఫోటోను రంగుల కాగితం మీదే వేస్తారు కాబట్టి ఒక్కోసారి పచ్చగానో గులాబీగానో ఛాయ తిరుగుతుంది. పెద్ద ప్రింటుకు ముందు అదే కాగితం మీద 4×6 పరీక్ష ప్రింటు ఒకటి తీయించుకోండి. ల్యాబ్ ఆపరేటరుకు "ఆటో కరెక్షన్ వద్దు, ఫైలు ఉన్నది ఉన్నట్లు వేయండి" అని ముందే చెప్పాలి. ఆటో కరెక్షన్ మీరు జాగ్రత్తగా 130లో నిలిపిన చెంపను తనంతట తానే తెల్లబరుస్తుంది. పరీక్ష ప్రింటును ట్యూబులైటు కింద, కిటికీ దగ్గర పగటి వెలుగులో రెండు చోట్లా చూడండి. ఛాయ రెండు చోట్లా తిరిగి ఉంటే ల్యాబు మార్చండి. ట్యూబులైటు కింద మాత్రమే తిరిగితే, ఫోటో ఏ గదిలో వేలాడుతుందో ఆ గది లైటు కింద చూసి నిర్ణయించండి. ముఖం చీకటిగా ఉంటే మొత్తం ఫైలును పెంచకుండా కర్వ్‌లో మధ్య భాగాన్ని మాత్రమే ఒక పిసరు ఎత్తి, ఇంకో పరీక్ష ప్రింటు తీయించండి. చీర నేత, బొట్టు అంచు, నీడ చెంపలో చెవి వంపు మూడూ కనిపిస్తే పెద్ద ప్రింటుకు ఇవ్వవచ్చు.